ఇంటి సంఘాల తగవులు – చట్టాలు నడిచిన దారి



ఈ ప్రత్యేక సంచికకు సర్వీసులో మనం చూసిన చరిత్ర ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను సహకార శాఖలో గుమాస్తాగా చేరి, ఎక్కువ కాలం గృహనిర్మాణ సంఘాల ఫైళ్ళు చూసిన వాడిని. మనలో చాలామందిమి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు పెట్టి కాలనీలో స్థలమో, అపార్ట్‌మెంటులో ఫ్లాటో కొనుక్కున్నవాళ్ళమే. ఇంట్లో మనం పెద్దలమే గాని, గడప దాటితే మెట్లు, లిఫ్టు, బోరు, వాచ్‌మన్ జీతం అన్నీ సంఘం చేతిలో ఉంటాయి. అక్కడ అధ్యక్షుడికీ కార్యదర్శికీ పడకపోతే ఆ కష్టం మూడో అంతస్తులో మోకాళ్ళ నొప్పులతో ఉన్న పెద్దావిడకు తగులుతుంది. అందుకే ఈ తగవుల చరిత్ర మనందరికీ పనికివస్తుందని తలచాను.

మన దేశంలో సహకార చట్టం మొదట 1904లో వచ్చింది. అది పరపతి సంఘాలకే, అంటే అప్పులిచ్చే సంఘాలకే పరిమితం. 1912 చట్టంతో మిగతా రకాల సంఘాలకూ దారి ఏర్పడింది. 1915లో బొంబాయి గాందేవిలో సారస్వత సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. దానికి మూలపురుషుడు తల్మాకీ గారు. అద్దె కొంపల్లో అవస్థపడే మధ్యతరగతి ఉద్యోగులు కలిసి సొంత గూడు కట్టుకోవడమే ఆ సంఘం ఆశయం. వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు అన్నది సహకారోద్యమానికి పునాది.

1919 సంస్కరణల తరువాత సహకార శాఖ రాష్ట్రాల చేతికి వచ్చింది. మద్రాసు రాష్ట్రం 1932లో, హైదరాబాదు రాష్ట్రం 1952లో చేసుకున్న చట్టాల స్థానంలో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం 1964లో వచ్చింది. నా సర్వీసంతా ఆ చట్టం సెక్షన్ల మధ్యనే గడిచింది. 51 అంటే విచారణ, 60 అంటే సర్‌ఛార్జి, 61 అంటే తగవు, 34 అంటే పాలకవర్గం రద్దు. మా ఆఫీసులో పేర్లకన్నా ఈ అంకెలే ఎక్కువ వినిపించేవి. ఒక వర్గం 51 కింద విచారణ కోరితే, రెండో వర్గం వారం తిరక్కుండా ఎదుటివారి మీద 61 కింద దావా వేసేది.

నేను చూసిన ఒక ఉద్యోగుల సంఘం సంగతి చెబుతాను. పేరు అనవసరం. అధ్యక్షుడు ఒక మినిట్స్ పుస్తకం, కార్యదర్శి మరొక మినిట్స్ పుస్తకం రాయించారు. ఒకే తేదీన, ఒకే సర్వసభ్య సమావేశంలో, ఒకదానికొకటి పొసగని రెండు తీర్మానాలు! బ్యాంకువారు రెండు లేఖలూ చూసి ఖాతా నిలిపివేశారు. పాలకవర్గం గడువు తీరింది, ఎన్నికలు జరగలేదు. పర్సన్ ఇన్‌ఛార్జిగా ఒక అధికారి వచ్చారు. ఆరు నెలలకని వచ్చిన ఏర్పాటు పొడిగింపుల మీద పొడిగింపులతో ఏళ్ళు నడిచింది. ఈలోగా స్థలానికి పూర్తి సొమ్ము కట్టిన సభ్యులు కొందరు రిజిస్ట్రేషన్ చూడకుండానే కన్నుమూశారు. వారి భార్యలు తడిసిన రసీదులు పట్టుకుని మా సెక్షన్ బల్ల ముందు నిలబడేవారు. విచారణాధికారి రిపోర్టులో నాకు ఇప్పటికీ గుర్తున్న విషయం ఒక్కటే. ఆ వివాదాస్పద సమావేశానికి నిజంగా హాజరైనవారు కోరానికి కూడా చాలరు. మిగతావారు, "ఎవరో ఒకరు చూసుకుంటారులే" అనుకున్నారు.

ప్రభుత్వం పెత్తనం ఎక్కువైందన్న మాట ఊరికే పుట్టలేదు. 1991లో చౌదరి బ్రహ్మప్రకాశ్ కమిటీ సంఘాలకు స్వేచ్ఛనిచ్చే నమూనా చట్టాన్ని సూచించింది. దాని వెలుగులో మొదట ముందడుగు వేసిన రాష్ట్రం మనదే. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఎన్నికలు, ఆడిట్ సకాలంలో జరిపించే బాధ్యతను పాలకవర్గం నెత్తినే పెట్టారు. బాధ్యత తప్పితే డైరెక్టర్లే అనర్హులవుతారు. ఆలోచన మంచిదే. అయితే అడిగే సభ్యుడు లేని చోట ఆ స్వేచ్ఛ నలుగురైదుగురి సొత్తుగా మారే ప్రమాదం ఉంది.

అపార్ట్‌మెంట్లకు వేరే దారి పడింది. 1987లో అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యాలకు సంబంధించి రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. 2001లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చాక చాలా అపార్ట్‌మెంటు సంఘాలు దాని కింద నమోదయ్యాయి. ఈ చట్టంలో తగవు వస్తే మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో పోవాలి. సహకార రిజిస్ట్రారు వచ్చి సర్దుబాటు చేస్తాడనుకుంటే పొరపాటే. 2016 నాటి రెరా చట్టం, బిల్డరు ఉమ్మడి స్థలాలను, కాగితాలను సంఘానికి అప్పగించాలని నియమం పెట్టింది. అయితే ఆ కాగితాలు అందుకుని భద్రపరచడానికి నిలకడైన సంఘం ఉండాలి గదా!

2011లో పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణ ఆమోదించింది. పాలకవర్గానికి అయిదేళ్ళ గడువు, రద్దు చేస్తే ఆరు నెలలకు మించకూడదన్న హద్దు అందులో ఉన్నాయి. కాని సహకారం రాష్ట్రాల విషయం కాబట్టి, కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం లేదన్న కారణంతో, 2021 జులై 20న సుప్రీంకోర్టు అందులోని ప్రధాన భాగాన్ని ఒకే రాష్ట్రానికి పరిమితమైన సంఘాల విషయంలో చెల్లదని తీర్పు చెప్పింది. సంఘం పెట్టుకునే హక్కు మాత్రం ప్రాథమిక హక్కుగా నిలిచింది.

మన రాష్ట్రాలలోనే ఇలా అనుకోనక్కరలేదు. ఢిల్లీలో మూతపడ్డ గృహనిర్మాణ సంఘాలను దొంగ సభ్యుల జాబితాలతో మళ్ళీ లేపి చవకగా భూములు పొందారన్న ఆరోపణలపై 2005లో అక్కడి హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. అసలు సభ్యులు పట్టించుకోని సంఘానికి దొంగ సభ్యులు పుట్టడం వింత కాదు.

ఇన్నేళ్ళ ఈ చరిత్రలో అధికారం రిజిస్ట్రారు నుంచి పాలకవర్గానికి, అక్కణ్ణుంచి కోర్టుకు తిరిగింది. చట్టం ఏదైనా సర్వసభ్య సమావేశానికి ఒక స్థానం ఇచ్చింది. ఆ స్థానంలో వచ్చి కూర్చోవలసినవాళ్ళం మనమే. ఖాళీగా వదిలితే ఇంకెవరో కూర్చుంటారు.

కనుక నా మనవి ఇది. మీ సంఘం ఏ చట్టం కింద నమోదైందో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులో చూసుకోండి. బైలాల ప్రతి ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఆడిట్ లెక్కలు సమావేశానికి ముందే అడగండి. మినిట్స్ చదివి వినిపించమనండి. సభ్యుల రిజిస్టరులో మీ పేరు, నామినీ పేరు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. రేపు మనం లేకపోయినా మన ఇంటి ఇల్లాలు ఆఫీసు బల్లల ముందు నిలబడే పని లేకుండా పోతుంది. మనకు పగలు తీరిక ఉంది, ఫైలు చదవడం వచ్చు. కుర్రవాళ్ళకు లేని ఈ రెండూ సంఘానికి ఉపయోగపడితే అంతకన్నా కావలసింది ఏముంది?

ఇంతటితో విరమిస్తున్నాను.