మా బళ్ళారి కుక్కలు ఏం తిన్నాయి, ఇప్పుడేం తినాలి

బళ్ళారిలో మన తెలుగిళ్ళలోకి ఈమధ్య ఎవరన్నా కుక్కపిల్లను తెచ్చుకుంటే మొదటి పంచాయితీ తిండి గురించే. అవ్వ "రొట్టె వేస్తే చాలదా, మనింట్లో కుక్కలన్నీ అట్లే బతికినాయి కదా" అంటుంది. మనవడు అంగడి నుంచి తెచ్చిన సంచి చూపిస్తాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అది ఎంతో తేల్చుకోవాలంటే ఈ సీమలో కుక్కకీ మనిషికీ మధ్య కూడు ఎట్లా నడిచిందో ముందు చూడాల.

పాత సాక్ష్యం ఒకటి మండ్య జిల్లా ఆతకూరులో దొరికింది. క్రీ.శ. 949-50 నాటి వీరగల్లు అది. కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చింది. దాని జ్ఞాపకంగా రాయి నిలబెట్టి, ఆ రాయి పూజకి భూమి ఇచ్చినారు. ఆ భూమి అనుభవించే గొరవ రాయికి పూజ చేయకుండా భోజనం చేస్తే పాపం తగులుతుందని శాసనంలో ఉంది. అంటే కుక్కకి మర్యాద జరిగినాకే మనిషి అన్నం ముట్టాలన్నమాట. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. మన దగ్గర హంపిలో మహానవమి దిబ్బ గోడల మీద కూడా వేట శిల్పాల్లో కుక్కలు కనబడతాయి.

ఆ 'గొరవ' అనే మాట మన సీమలో ఇంకా బతికే ఉంది. హూవిన హడగలి తాలూకా మైలారలో మైలారలింగేశ్వరుని గుడి ఉంది. ఆ తాలూకా నిన్నమొన్నటి దాకా బళ్ళారి జిల్లాదే, 2021లో విజయనగర జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. మైలారుడు మణి, మల్ల అనే రాక్షసులని చంపినప్పుడు నెత్తురు నేలపడి మళ్ళీ రాక్షసులు పుట్టకుండా ఆయన కుక్కలు దాన్ని నాకేసినాయని జానపద కథ. అందుకే నల్ల కంబళి కట్టుకొని, డమరుకం పట్టుకొని తిరిగే గొరవయ్యలు దేవుని కుక్కలమని చెప్పుకుంటారు. 'దోణి సేవ'లో భక్తులు పాలు, నెయ్యి, బెల్లం, అరటిపండ్లు గిన్నెల్లో పోస్తే వాళ్ళు కుక్కల మాదిరి మొరుగుతూ, వంగి నోటితోనే తింటారు. ఈ దేవుణ్ణే తెలంగాణలో కొమురవెల్లి మల్లన్న అంటారు, మహారాష్ట్రలో జెజురి ఖండోబా అంటారు. మూడు భాషల్లోనూ ఆయన్ని ఎక్కువగా కొలిచేది గొర్రెల కాపరులు. మందని తోడేలు నుంచి కాపాడే కుక్క వాళ్ళకి ఇంటి మనిషితో సమానం.

ఇక ఇళ్ళలో కుక్క తిండి అంటే మనిషి తిండే. నల్లరేగడిలో పండేది జొన్న. రొట్టె ముక్క, సంగటి ముద్ద, మజ్జిగ, పండగనాడు మాంసం తుంపులు. పంట బాగుంటే కుక్కకీ బాగుండేది. 1876లో వానలు పడలేదు. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని కూలి తగ్గించినాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. పొద్దంతా రాళ్ళు కొట్టే మనిషికి అంతే దక్కితే వాకిట్లో కుక్కకి ఏం మిగుల్తుంది? "మనం తిన్నదే కుక్కకి" అనే మాట ఈ లెక్కని కూడా మోస్తుంది.

సరిగ్గా ఆ కాలానికి కొంచెం ముందే, 1860లలో, లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టినాడు. కంపెనీ సంచి తిండికి మూలం అక్కడే. ఇప్పుడు అట్లాంటి తిండి మన తెలంగాణలో సిద్దిపేట జిల్లాలోనే తయారవుతోంది.

అయితే అవ్వ రొట్టె తప్పా? కాదు. 2013లో నేచర్ పత్రికలో స్వీడన్ పరిశోధకులు ఒక సంగతి చూపించినారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేళ్ళకి రెండు ప్రతులే ఉంటే కుక్కలకి చాలా ఎక్కువ ఉంటాయి. మనిషి వాకిట్లో వేల ఏండ్లు గింజ తిండి తిన్న ఫలితమది. కానీ అరగడం వేరు, సరిపోవడం వేరు. జొన్నలో ప్రోటీన్ సుమారు 10 శాతం. పెద్ద కుక్క తిండిలో తడి తీసేసి లెక్కేస్తే కనీసం 18 శాతం, ఎదిగే పిల్లకి 22.5 శాతం ఉండాలని అమెరికా పశుఆహార ప్రమాణం చెప్తుంది. ఆ కాలం కుక్క ఊరంతా తిరిగి ఎలుకనో పురుగునో పట్టి ఆ కొరత తీర్చుకునేది. రెండో అంతస్తు ఇంట్లో గొలుసుతో ఉండే కుక్కకి ఆ దారి లేదు.

కాబట్టి రొట్టె, సంగటి పెట్టే ఇండ్లలో ఉడికించిన గుడ్డో, ఎముక తీసిన కోడిమాంసమో రోజూ తోడు కావాల. వండిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, వద్దు. మన ఉగ్గానిలో, చారులో, కూరలో పడే ఎర్రగడ్డ, తెల్లగడ్డ కుక్క నెత్తురుకి విషం. పచ్చివైనా వండినవైనా అంతే. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా అట్లే. సంచి తిండి కొంటే ముందు బొమ్మ చూడకుండా వెనక అక్షరాలు చదవాల: పిల్లకా పెద్దదానికా, అదొక్కటే పెడితే సంపూర్ణ ఆహారమా, ప్రోటీన్ ఎంత, గడువు తేదీ ఏది. ఇంటి వంట ఒక్కటే పెట్టాలనుకుంటే కాల్షియం లెక్క పశువైద్యుణ్ణి అడగాల్సిందే, ముఖ్యంగా పిల్ల ఎదిగే నెలల్లో.

మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చొద్దు. వారం పది రోజులు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ కలపాల. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేము రోజూ పాటించేదీ ఇదే: ఒకసారికి ఒక్కటే మార్చితే ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది. విరేచనాలు మొదలైతే ఏ తిండి పడలేదో చెప్పగలుగుతాం.

1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకి పోయినాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. గీతకి అటూ ఇటూ మన చుట్టాలు ఒకే జొన్న రొట్టె తింటున్నారు. మేము కన్నడ బడిలో 'నాయి' అని రాసి, ఇంటికొచ్చి 'కుక్క' అని పిలిచినవాళ్ళం. పుణెలో, సూరత్‌లో, ఇంకా దూరంలో ఉన్న మన ఇండ్లలో అవ్వలు కుక్కకి ఏం పెట్టేవాళ్ళో, ఏ కరువులో ఏం పెట్టలేకపోయినారో ఇప్పుడే అడిగి రాసి పెట్టండి. ఆ మాటలు తెలిసినవాళ్ళు ఇండ్లలో ఇంక కొద్దిమందే ఉన్నారు.