తెల్ల తీగల కథ

మా మామూ జీవితమంతా బట్టల కొట్టు నడిపారు. కాగితం, పెన్సిలు లేకుండా గజాల లెక్క నోటితో చెప్పేవారు. డెబ్బయ్యో యేట ఆ లెక్కే ఆలస్యం కాసాగింది. నడకా మందగించింది. "ముసలితనం, చాదస్తం" అని యింటిల్లిపాదీ సరిపెట్టుకున్నాం. చివరకు స్కానింగులో మెదడు తెల్లభాగంలో మచ్చలు కనిపించాయి. బి.పి. మాత్రలు కొన్నాళ్ళు వేసుకొని, కొన్నాళ్ళు మానేసిన ఫలితం కావచ్చునని డాక్టరుగారు అన్నారు. ఆ మచ్చల చరిత్ర తెలిస్తే మన కుటుంబాలకు మేలని యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మెదడు పైపొర బూడిద రంగు, లోపలిది తెలుపు. యీ తేడాను 1543లో వెసేలియస్ తన శరీరశాస్త్ర గ్రంథంలో చూపించాడు. బూడిద భాగంలో నరాల కణాలుంటాయి. తెల్లభాగంలో వాటిని కలిపే తీగలుంటాయి. కరెంటు తీగకు రబ్బరు తొడుగులాగ వీటికి కొవ్వు తొడుగు వుంటుంది. దానికి మైలిన్ అని 1854లో జర్మన్ వైద్యుడు విర్కో పేరుపెట్టాడు.

ఆ రోజుల్లో మతి తప్పిన వారిలో చాలామందికి సవాయి రోగం మెదడుకు పాకిందని వైద్యులు తలచేవారు. 1894లో యేనా నగరపు వైద్యుడు ఆటో బిన్స్‌వాంగర్ అది కాని రోగులను వేరుచేసి చూపాడు. వీరిలో తెల్లభాగం కృశించింది, అందుకు రక్తనాళాలు గట్టిపడడమే కారణమన్నాడు. 1902లో ఆ జబ్బును వివరించి, దానికి బిన్స్‌వాంగర్ పేరు పెట్టినవాడు ఎవరనుకున్నారు? అల్జీమరే! ఆయన పేరుతో మనం వింటున్న జబ్బు వేరు. దాన్ని ఆయన 1906లో చెప్పాడు.

అయితే యిదంతా రోగి చనిపోయాక చూసినదే. 1971లో లండనులో తొలి రోగికి సి.టి. స్కాను తీశారు. తర్వాత ఎమ్.ఆర్.ఐ. వచ్చింది. సి.టి.లో నల్లగా, ఎమ్.ఆర్.ఐ.లో తెల్లగా మచ్చలు కనబడసాగాయి. 1987లో కెనడా డాక్టరు హచిన్‌స్కీ బృందం దీన్ని లూకోఅరయోసిస్ అన్నది. తెల్లభాగం పలుచబడడం అని అర్థం. అదే యేడు ఫజేకాస్ బృందం మచ్చలకు 0 నుంచి 3 వరకు మెట్లు ఏర్పరచింది.

మచ్చలున్న వారందరికీ మతి పోతుందా? పోదు. ఆరోగ్యంగా వున్న ముసలివారిలోనూ కొన్ని కనిపిస్తాయి. కాని అవి పెరిగిన కొద్దీ పక్షవాతం, మతిమరపు జబ్బు ప్రమాదం పెరుగుతుందని 2010లో అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. యీ జబ్బులో తరచు జ్ఞాపకం కంటె ముందు ఆలోచన వేగం, నడక దెబ్బతింటాయి. మా మామూకు జరిగింది సరిగ్గా అదే.

మరి ఉపాయం? 2019లో అమెరికాలో యాభై దాటిన 9,300 మందికి పైగా పాల్గొన్న స్ప్రింట్ మైండ్ ఫలితాలు వచ్చాయి. పై బి.పి.ని 140 బదులు 120 లోపుకు తేవాలని చికిత్స చేసినవారిలో స్వల్ప మతి తగ్గుదల 19 శాతం తక్కువగా కనిపించింది. మచ్చలు కూడా తక్కువగా పెరిగాయి. పూర్తి మతిమరపు జబ్బు తగ్గినట్లు మాత్రం ఖాయంగా తేలలేదు. ఎవరికి ఎంత బి.పి. తగునో డాక్టరే చెప్పాలి.

సోదర సోదరీమణులారా! వచ్చిన మచ్చను చెరిపే మందు నేటికీ లేదు. ఇంట్లో పెద్దవారు మందగిస్తే చాదస్తమని నవ్వకండి. ముందు బి.పి. చూపించండి. మాత్ర వేసుకున్నారా అని రోజూ ఒక్కమాట అడగండి. ఆ ఒక్కమాట మేము సకాలంలో అడగలేదు.