మన ఓడల తెరచాపలు: వాని జాతియు, కొలతయు

ఆంధ్రదేశమున రాజవంశముల చరిత్రము శిలలమీదను, తామ్రపత్రములమీదను నిలిచినది. సముద్రమునే నమ్మి బ్రదికిన మన వాడబలిజ కులమువారి చరిత్రమో కొయ్యమీదను, మోకుమీదను, చాపగుడ్డమీదను వ్రాయబడినది. శిల నిలుచును, గుడ్డ చివుకును. కావున మన పూర్వులు నడపిన ఓడ యెట్టిది, దాని చాప యే జాతిది, యెంత కొలతది యని యెవరైన నడిగినచో మనలో పెక్కుమంది మిన్నకుందురు. కొందరు కులాభిమానముచే నున్నదానికంటె నెక్కువ చెప్పుదురు. ఈ రెండును చరిత్రమునకు హానికరములే. అందుచే చాపను గుర్తెరుగు విధమును, మన తీరమునకు సంబంధించిన సాక్ష్యములను సభాసదులకును, పోషకమహాశయులకును విన్నవించుచున్నాము.

ఓడ జాతిని నిర్ణయించుటకు కొయ్యలు, చాపలు ముఖ్యములు. మొదట కొయ్యలెన్నియో లెక్కింపవలెను. పిమ్మట చాపను మోయు అడ్డకొయ్య యెట్లు వ్రేలాడుచున్నదో చూడవలెను. అది నడిమికి గట్టబడి ఓడకు అడ్డముగా నుండెనేని చదరపుచాప. ఒక కొనకు దగ్గరగా గట్టబడి, చాప నాలుగంచులు గలదై, కొయ్యకు ముందు కొంత, వెనుక నెక్కువ పరచుకొన్నచో దానిని పాశ్చాత్యులు లగ్గుచాప యందురు. అడ్డకొయ్య మిక్కిలి పొడవై యేటవాలుగా నిలిచి, చాప మూడంచులే గలదైనచో లాటీనుచాప. లాటీనుచాప ముందరి మూల కోయబడి చిన్న యంచు మిగిలినచో సెట్టీచాప. అరబ్బుల ఓడలయందిది ప్రసిద్ధము. రెండు కొయ్యలకును చదరపుచాపలున్నది బ్రిగ్గు. కొయ్యల వెంబడి నిడుపుగా చాపలమరినది స్కూనరు. చదరపుచాపకు వెనుకగాలి మేలు. త్రికోణపుచాప ప్రక్కగాలిని చక్కగా పట్టును.

ఇక కొలత. చాపను నేలపై పరచి కొలుచుట యుత్తమము. మూడంచుల చాపయైనచో నొక యంచును ఆధారముగా గొని, ఎదుటి మూలనుండి దానికి నిలువుగా దిగు పొడవును కొలిచి, రెంటిని గుణించి సగము చేయవలెను. ఆధారము 18 మూరలు, నిలువు 20 మూరలైనచో వైశాల్యము 180 చదరపు మూరలు. మూరకు అడుగున్నర చొప్పున 405 చదరపుటడుగులగును. నాలుగంచుల చాపను మూలనుండి మూలకు గీతగీసి రెండు త్రికోణములుగా లెక్కింపవలెను. చాప చినిగిపోయినను, అడ్డకొయ్య పొడవు తెలిసినచో పై యంచును మించి చెప్పుటకు వీలులేదు.

ఈ కొలబద్దతో ప్రాచీనసాక్ష్యములను పరీక్షింతము. శాతవాహనుల సీసపు నాణెములలో కొన్నిటిపై రెండు కొయ్యల ఓడ, కొయ్యలనుండి దిగు మోకులు స్పష్టముగా గలవు. కాని వానిపై చాప పరచి చూపబడలేదు. కనుక ఆ ఓడ రెండు కొయ్యలదని నిశ్చయముగా జెప్పవచ్చును. ఏ జాతి చాపదియో ఆ నాణెము చెప్పదు. అజంతా రెండవ గుహలోని చిత్రమందు మూడు కొయ్యలును, వెడల్పుకంటె ఎత్తెక్కువగల చాపలును, ముందుభాగమున కన్నును లిఖింపబడినవి. అది మన రేవు ఓడయని చెప్పరాదు. నాటి హిందూదేశపు ఓడలరూప మది యనుట యుక్తము. క్రీస్తుశకము మొదటి శతాబ్దపు గ్రీకు గ్రంథమగు పెరిప్లసు, మన మసాలియ తీరమును పేర్కొని, దుంగలు జతచేసిన సంగరములను ప్రస్తావించినది.

1834లో ప్రకటింపబడిన తన వ్యాసమున జాన్ ఎడై యను నౌకానిర్మాత చోళమండలతీరపు ధోనిని కొలిచి, పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులనియు, ఒకే కొయ్య, ఒకే లగ్గుచాప యనియు వ్రాసెను. 1920లో జేమ్సు హార్నెల్ మన తెప్పలను పరిశీలించి ప్రకటించెను. అలలకెదురేగు కుట్టుపడవయగు మసూలాకు చాపయే లేదు. అది తెడ్లతో నడచునది. త్రికోణపుచాప మన తెప్పది.

కోరంగి రేవున పెద్ద ఓడలు కట్టబడెను, మరమ్మతు చేయబడెను. 1839 నవంబరు 25వ తేదీ తుఫాను ఆ రేవును ధ్వంసము చేసినను, దాని పేరు చావలేదు. రంగూనుకేగిన తెలుగువారినందరను అచటివారు కోరంగీలనియే పిలిచిరి.

సోదరులారా! ఇరువదవ శతాబ్దపు తుదిభాగమున యంత్రపు పడవలు వచ్చి తెరచాపను మూలకు ద్రోసినవి. జీవనమున కది మేలే, దానిని నిందింపము. అయినను చాపను కోయించి, కట్టి, గాలికెత్తిన వృద్ధులు గ్రామగ్రామమునను తగ్గిపోవుచున్నారు. అడ్డకొయ్యకు, మోకులకు, చాపమూలలకు వారు వాడిన పేర్లు ఏ నిఘంటువునను సమగ్రముగా నెక్కలేదు. ప్రతి రేవునను చదువుకొన్న యువకుడొకడు కొలతాడుతో వారియొద్ద కూర్చుండి, ఆ పేర్లను, మూరల లెక్కను, చాప పటమును వ్రాసికొనవలయును. పోషకులు ఆ పటముల ముద్రణకు తోడ్పడవలయును. లేని గొప్పలు మనకక్కరలేదు. ఉన్నదానిని సరిగా కొలిచి చూపినచో నదియే మన కులమునకు శాసనమగును.