తాళ్లపాక పాట: రాగిరేకు నుంచి డిజిటల్ దాకా

రాజంపేట పక్కనున్న తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) స్వగ్రామం. ఆయన సంకీర్తనలను కుమారుడు పెద తిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించగా, అవి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాలపాటు భద్రంగా ఉన్నాయి. రేకు మీద కీర్తనతో పాటు రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. అందువల్ల 20వ శతాబ్దంలో ఆ రేకులు వెలుగు చూసినప్పుడు సాహిత్యం దక్కింది కానీ నాటి వరసలు దక్కలేదు. రాయలసీమ విద్వాంసుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరాలు కూర్చారు.

ఆ పాటలు ఇంటింటికీ చేరడంలో గ్రామఫోను రికార్డుది పెద్ద పాత్ర. 78 ఆర్‌పీఎం లక్క రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటూగా పాడేది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ ఎల్‌పీ 1948లో అమెరికాలో వచ్చాక ఆ నిడివి 20 నిమిషాలు దాటింది, కచేరీ పాటకు చోటు దొరికింది. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించింది. ఆ తర్వాత దేవస్థానం పూనికతోనే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ ఐదు ఎల్‌పీలుగా వెలువడింది.

వినైల్‌లో ధ్వని గాడి ఒంపులుగా ఉంటుంది. ముల్లు ఆ ఒంపుల వెంట కదిలితే పాట వస్తుంది. అంచున సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల మేర పరుగెత్తే గాడి, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 20 సెంటీమీటర్లకు పడిపోతుంది. అందుకే చివరి పాటలో ‘స’కారాలు గరగరలాడతాయి. చవక ప్లేయర్లలో వాడే సెరామిక్ కార్ట్రిడ్జ్ గాడిపై ఎక్కువ బరువు మోపుతుంది. వినేకొద్దీ రికార్డు అరుగుతుంది.

1982లో వచ్చిన సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా రాస్తుంది. మనిషి చెవికి వినిపించే 20,000 హెర్ట్జ్ దాకా అది సరిపోతుంది. ముల్లు రాపిడి లేదు, పాట వల్ల అరుగుదల లేదు. ఖరీదైన 24 బిట్ల పరికరాలు రికార్డింగ్ గదిలో ఎంతో ఉపయోగకరం. వినేవారికి మాత్రం వాటివల్ల కలిగే తేడా స్వల్పం. పాత కీర్తనల విషయంలో ధ్వనికి హద్దు గీసేది మూల ముద్రణే. మంచి మాస్టర్ టేపు నుంచి శ్రద్ధగా తీసిన ఫైలు మామూలు హెడ్‌ఫోన్లలోనూ నిండుగా పలుకుతుంది. అరిగిన రికార్డు నుంచి తీసిన ఫైలులో పోయిన స్వరాన్ని ఎంత ఖరీదైన యంత్రమూ తిరిగి తేలేదు. తాళ్లపాక పాటకు ముందుగా కావలసింది మూల టేపుల సంరక్షణ.