అమాలేకు ఎవరు?

ఎక్కడ బాంబు పేలినా జవాబు చెప్పుకోవలసింది మనమే. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో జుమ్మా నమాజుకొచ్చిన మనవాళ్లే చనిపోయారు. పోలీసులు పట్టుకెళ్లిందీ మన పిల్లల్నే. ఆ పిల్లలు నిర్దోషులని కోర్టు తేల్చింది. 2018లో, విచారణ ఎదుర్కొన్న మిగతావాళ్లూ నిర్దోషులుగానే బయటికొచ్చారు. మరి చంపిందెవరు? ఇట్లాంటి దెబ్బ తిన్నవాళ్ల గుండెల్లో నఫ్రత్ పుట్టడం వింత కాదు. దాన్ని ఏం చేసుకోవాలన్నదే అసలు ప్రశ్న.

మనకంటే ఎంతో ముందే ఆ ప్రశ్న వేసుకున్నవాళ్లు యూదులు. యూదుల మాటెత్తగానే పాలస్తీనా గుర్తొచ్చి మన మొహాలు ముడుచుకుంటాయి. అయినా సరే, వినాలి.

తల్ముద్‌లో ఒక ముచ్చట ఉంది. రెండో శతాబ్దపు పండితుడు రబ్బీ మెయిర్‌ను వాడలోని దుండగులు సతాయిస్తుంటే, వాళ్లు చచ్చిపోవాలని ఆయన దేవుణ్ణి వేడుకున్నాడట. భార్య బెరూరియా అడ్డుపడింది. కీర్తనల గ్రంథం పోవాలన్నది పాపాలే గాని పాపులు కాదు, వాళ్లు మారాలని వేడుకో అంది. ఆయన వేడుకున్నాడు, వాళ్లు మారారు. బెరూరియా కష్టమెరుగని మనిషి కాదు. ఆమె తండ్రిని రోమన్లు తోరా చుట్టలో చుట్టి కాల్చి చంపారని కూడా తల్ముదే చెబుతుంది.

ఒక్క ప్రాణం తీసినవాడు లోకాన్నే నాశనం చేసినట్టని మిష్నా అంటుంది. మన ఖురాన్‌లో మాయిదా సూరా ఈ మాటనే బనీ ఇస్రాయీల్‌కు ఇచ్చిన ఆదేశంగా గుర్తు చేస్తుంది. పస్కా పండుగ రాత్రి ఈజిప్టు మీద పడ్డ ఒక్కో విపత్తు పేరు చెబుతూ యూదులు గిన్నెలోంచి ఒక్కో చుక్క ద్రాక్షారసం తీసేస్తారు. ఎదుటివాడి చావులో తమ సంతోషం నిండుగా ఉండకూడదని దానికి అర్థం చెబుతారు.

అదే మతంలో అమాలేకు కూడా ఉన్నాడు. ఈజిప్టు నుంచి బయటపడి, అలసి నడుస్తున్న జనాన్ని వెనక నుంచి కొట్టిన తెగ అది. దాని ఆనవాలే తుడిచెయ్యమని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞ. పూరీం పండుగకు ముందు శనివారం ఆ భాగం సినగాగుల్లో చదువుతారు. ఆ తెగ ఏనాడో కలిసిపోయింది, ఇక ఆ ఆజ్ఞ ఎవరి మీదా చెల్లదని చాలామంది రబ్బీలు అన్నారు. అమాలేకు మనిషి మనసులోనే ఉన్నాడని హసీదీ గురువులు కొందరు చెప్పారు. కాని ఆ పేరును పక్కింటివాడి నొసట రాసేవాళ్లూ పుట్టుకొచ్చారు.

1994 ఫిబ్రవరి 25. వాళ్లకు పూరీం, మనకు రంజాన్ శుక్రవారం. హెబ్రాన్‌లోని ఇబ్రాహీమీ మసీదులో ఫజర్ నమాజు చేస్తున్నవాళ్ల మీద బరూక్ గోల్డ్‌స్టీన్ అనే డాక్టరు కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. వాడు యూదు మతానికే పరాయివాడని ప్రధాని యిత్జాక్ రాబిన్ పార్లమెంటులో అన్నాడు. కొందరు మాత్రం వాడి సమాధిని యాత్రాస్థలం చేసుకున్నారు. 1995 నవంబర్ 4న రాబిన్‌ను కూడా ఒక యూదు మతోన్మాదే కాల్చి చంపాడు.

ఆ 1994లోనే, జూలైలో, ఆరిక్ అనే 19 ఏళ్ల ఇజ్రాయెలీ సైనికుణ్ణి హమాస్ ఎత్తుకెళ్లి చంపింది. తండ్రి యిత్జాక్ ఫ్రాంకెంతాల్ నిష్ఠగల యూదుడు. ఆయన పగ పట్టలేదు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల సంఘం పెట్టాడు. తర్వాత అందులో పాలస్తీనా కుటుంబాలూ చేరాయి. కొడుకు పేరు చెప్పి నిర్దోషుల ప్రాణం తియ్యడం అధర్మమని జెరూసలెంలో బహిరంగంగా వాదించాడు. గోల్డ్‌స్టీన్ చదివిన గ్రంథమే ఆయనా చదివాడు.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. అదే నెల 28న ప్రధాని నెతన్యాహు, అమాలేకు చేసింది గుర్తుంచుకొమ్మన్నాడు. గాజాలో పదుల వేలమంది చనిపోయారు. వాళ్లలో వేలాదిమంది పసిపిల్లలు. ఒక పాత పేరు ఎంత నెత్తురు తాగగలదో లోకం చూసింది.

మరి మన సంగతేమిటి? 2008 నవంబర్‌లో ముంబై నారిమన్ హౌస్‌లో రబ్బీ దంపతులతో సహా ఆరుగురు యూదులను చంపినవాళ్లు మన దీన్ పేరే చెప్పుకున్నారు. ఆ ముంబై దాడుల్లో చచ్చిన తొమ్మిది మంది హంతకులకు ముంబై ముస్లింలు ఖబ్రస్తాన్‌లో చోటివ్వలేదు. దేశభక్తి పరీక్షలో నెగ్గామని కొందరు మెచ్చుకున్నారు. మనం రాసింది ఎవరి పరీక్షా కాదు. మన దీన్ మీద మనకున్న హక్కును మనం నిలబెట్టుకున్నాం.

సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు. మక్కా మసీదుకు ఇన్సాఫ్ అడుగుతాం. గాజా కోసం గొంతెత్తుతాం. ఆక్రమణను ఆక్రమణ అనే అంటాం. కాని ఏ యూదు బిడ్డనూ, ఏ హిందూ బిడ్డనూ మన అమాలేకును చేసుకోం. మన బిడ్డల నొసట ఆ పేరు రాస్తున్నవాళ్లను నిలదీసే హక్కు అప్పుడే మనకుంటుంది.