కోర్టు మెట్లెక్కిన దీవి పిల్లలు

2019. వనువాటు రాజధాని పోర్ట్ విలా. సౌత్ పసిఫిక్ యూనివర్సిటీ లా క్యాంపస్‌లో అంతర్జాతీయ పర్యావరణ చట్టం చదువుతున్న 27 మంది. అందరూ పసిఫిక్ దీవుల పిల్లలే. వాళ్ళకిచ్చిన పని ఒకటే: వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి చట్టంలో ఏయే దారులున్నాయో వెతకండి, వాటిలో గట్టిదేదో తేల్చండి.

తేల్చారు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడగాలి. భూమిని వేడెక్కిస్తున్న దేశాలకు చట్టం ముందు బాధ్యత ఉందా? ఆ బాధ్యత తప్పితే ఏం జరగాలి?

చిక్కల్లా ఒక్కటే. విద్యార్థులు వెళ్ళి అడిగితే ఆ కోర్టు పలకదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అడగాలి. సభ చేత అడిగించడానికి ఏదో ఒక దేశం పూనుకోవాలి. మార్కులు పడ్డాయి కదా అని అక్కడితో వదిలేస్తే కాదనేవాళ్ళు లేరు. వాళ్ళు వదల్లేదు. సంఘం పెట్టుకున్నారు. పసిఫిక్ దేశాల నేతలకు ఉత్తరాలు రాశారు. వనువాటు విదేశాంగ మంత్రి రాల్ఫ్ రెగెన్వాను వాళ్ళ మాట చెవిన వేసుకున్నారు.

స్వచ్ఛంద సేవ అనగానే మొక్కలు నాటడం, బీచ్‌లో చెత్త ఏరడం గుర్తొస్తాయి. అవీ చేయాల్సిన పనులే. కానీ 83 దీవులు, మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న వనువాటులో ఎన్ని మొక్కలు నాటితే సముద్రం వెనక్కి తగ్గుతుంది? పొగ ఎక్కడిదో, మునక ఎక్కడో! ఆ సంగతి ఎరిగిన పిల్లలు కాబట్టే జీతం భత్యం లేని ఈ ఉత్తరాల పనికి పూనుకున్నారు. నాకు ఇది ఏ సేవకూ తీసిపోదనిపిస్తుంది.

కోవిడ్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో వనువాటు మీద హెరాల్డ్ తుఫాను విరుచుకుపడింది. 2021లో వనువాటు ప్రభుత్వం తాను పూనుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత దేశాలను ఒక్కొక్కటిగా ఒప్పించే పని.

2023 మార్చి 1న జూడీ తుఫాను. ఇంకా కూలిన చెట్లు తీయనే లేదు, 3న కెవిన్. తుఫాను దాటిన ఊరు ఎలా ఉంటుందో మన కోస్తా వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండానే, మార్చి 29న, న్యూయార్క్‌లో, కోర్టును అడగాలన్న తీర్మానం సభ ముందుకొచ్చింది. బలపరిచిన దేశాలు 132. ఓటింగ్ అవసరమే లేకుండా నెగ్గింది.

2024 డిసెంబర్ 2. హేగ్. న్యాయమూర్తుల ఎదుట సాలమన్ దీవుల యువతి సింథియా హౌనియుహి నిలబడింది, తలకు తన వాళ్ళ సంప్రదాయ ఆభరణం కట్టుకుని. ఐదేళ్ళ కిందటి ఆ క్లాసులో ఆమె ఒకరు. తన వాళ్ళ నేల ఫనలేయ్‌ను సముద్రం మింగేస్తోందని చెప్పింది. నేల పోతే దానితో ముడిపడిన బతుకూ పోతుందని చెప్పింది. పొగ ఎక్కువగా వదిలే పెద్ద దేశాల లాయర్లు మాత్రం, ఇప్పుడున్న ఒప్పందాలు చాలు, కొత్త బాధ్యతలు వద్దని వాదించారు.

2025 జూలై 23న కోర్టు అధ్యక్షుడు ఇవసావా యుజి అభిప్రాయం చదివారు. 15 మంది న్యాయమూర్తులదీ ఒకే మాట. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత. తమ గడ్డ మీది ప్రైవేటు కంపెనీలను అదుపులో పెట్టకపోవడమూ తప్పే. తప్పు చేసిన దేశం, షరతులు కుదిరితే, నష్టపరిహారం కూడా ఇవ్వాల్సి రావచ్చు.

ఇది ఆజ్ఞ కాదు, సలహాపూర్వక అభిప్రాయం. దీన్ని చూపి రేపే ఎవరి చేతా డబ్బు కట్టించలేరు. అయితే ఇక మీదట ఏ దేశపు కోర్టులోనైనా, ఏ చర్చల బల్ల దగ్గరైనా ఈ కాగితాన్ని ముందు పెట్టి వాదించొచ్చు.