పందెం, పొద్దు, పిలకాయల ఆట

"ఇంకొక్క మ్యాచే అమ్మా" అనే మాట వినబడని ఇల్లు ఇప్పుడు మా గూడూరులో ఉందంటే నేను నమ్మను. పిలకాయల్ని ఎంతసేపు ఆడుకోనియ్యాలి అని తల పట్టుకున్న మొదటి తల్లులం మనమే అనుకుంటాం గానీ, ఈ తగువు పాతదే. కాకపోతే పెద్దలు భయపడిన సంగతి వేరు.

వెనకటి భయమంతా పందెం గురించే. ధర్మరాజు పాచికల కథ తెలియనిదెవరికి? అయినా శివరాత్రి జాగారానికి వైకుంఠపాళి పరిచేవాళ్ళు, అరుగు మీద పులిజూదం గీసేవాళ్ళు, మధ్యాహ్నాలు వామనగుంటలు ఆడేవాళ్ళు. అందులో డబ్బు లేదు, కాబట్టి తప్పు లేదు. చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. అది 1967 నాటి తీర్పు. 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నేర్పుతో ఆడే ఆటల జోలికి పోలేదు. పేకాట ఫోనులోకి దూరాక గానీ ఆ మినహాయింపు కదల్లేదు. 2017లో తెలంగాణ, 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి.

ఈలోపల మన ఇళ్ళలో ఇంకొకటి జరిగింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్ చవకైంది. 2018లో పబ్జీ వచ్చింది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు ఆ ఆటను నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్ళను పట్టుకున్నారు కూడా. (పోలీసుల చేత మాన్పించడం నాకైతే విడ్డూరంగానే తోచింది.) మరుసటి ఏడు లాక్‌డౌన్. అంతదాకా దాచిపెట్టిన ఫోనును పాఠాల కోసం మనమే పిలకాయల చేతికిచ్చాం. ఇవ్వక ఏం చేస్తాం?

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. మర్నాడే మన రాష్ట్ర మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధానికి నిర్ణయం తీసుకుంది. ఒకటి దేశ భద్రత కోసం, ఇంకొకటి డబ్బు పోతోందని. రెండింటిలో ఏదీ మన పిలకాయల నిద్ర కోసం చేసింది కాదు. అందుకే 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చేస్తే, మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమూ డబ్బు పెట్టి ఆడే ఆటలనే ఆపింది. డబ్బు ప్రమేయం లేని ఆట ఎంతసేపు ఆడాలన్నది ఇంటికే వదిలేసింది.

గంటలు లెక్కపెట్టిన దేశాలూ ఉన్నాయి. దక్షిణ కొరియా 2011లో 16 ఏళ్ళలోపు వాళ్ళకు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు కట్టేసింది. పదేళ్ళు చూసి, ఆ చట్టాన్ని ఎత్తేసింది. ఎందుకంటే కంప్యూటర్లకని పెట్టిన ఆ కట్టడి ఫోన్లకు వర్తించలేదు. పైగా పెద్దవాళ్ళ పేరుతో లోపలికి వెళ్ళే పిలకాయలు వెళ్తూనే ఉన్నారు. చైనా 2021లో ఇంకా బిగించింది. 18 ఏళ్ళలోపు వాళ్ళకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే.

నాకు వీటన్నిటికంటే పనికొచ్చిందనిపించేది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2019లో ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చినప్పుడు వాళ్ళు గంటల లెక్క పెట్టలేదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, చదువు, స్నేహాల కంటే ఆటే ముందుకు రావడం, నష్టం కనబడుతున్నా వదలకపోవడం, ఇదంతా దాదాపు ఏడాది పాటు సాగడం. చూడాల్సింది వీటిని. రెండు గంటలాడి పిలవగానే అన్నానికి లేచే పిల్లాడు వేరు, అరగంటాడి ఫోను లాక్కుంటే గిన్నె విసిరేవాడు వేరు.

ఇంకొక సంగతి. పబ్జీలాంటి ఆటలో వందమంది దిగుతారు, ఒక్కో మ్యాచ్ అరగంట దాకా పడుతుంది, మధ్యలో నిలిపి పెట్టుకునే వీలుండదు. మనం "పది నిమిషాలే" అంటాం, వాడి ఆటలో పది నిమిషాలనేదే లేదు. సగం గొడవలు అక్కడ పుడుతున్నాయి. అందుకే మా ఇంట్లో నిమిషాలు మానేసి మ్యాచ్‌లు లెక్కపెడుతున్నాం. బడి రోజుల్లో ఒకటి, ఆదివారం మూడు. రాత్రి తొమ్మిదికి ఫోను వంటింటి అలమరలోకి వెళ్తుంది, మా ఆయనది కూడా. మా తోడికోడలు మాత్రం ఆదివారానికి మూడు చాలా ఎక్కువంటుంది. వాళ్ళింట్లో ఒకటే.